ఒకే గడి, రెండు చేతులు

ఒక పెళ్ళి ఖర్చుల షీట్ తీసుకుందాం. 'ఎ' నిలువు వరుసలో ఖర్చుల పేర్లు, 'బి' నిలువు వరుసలో రూపాయలు. అడ్డు వరుసల్లో మొదటిది శీర్షికలకు పోయింది. రెండు నుంచి పన్నెండు వరకు కల్యాణ మండపం, వంటవాళ్ళు, పూల అలంకరణ, పురోహితుడి సంభావన, బస్సుల కిరాయి వగైరా. పదమూడో వరుసలో మొత్తం. ఏడో వరుస వంటవాళ్ళది, అక్కడ 2,40,000 ఉంది. ఎనిమిదోది పూల అలంకరణ, 60,000. గుంటూరులో ఉన్న అన్నయ్యకు సన్నాయి మేళం రాయలేదన్న సంగతి గుర్తొచ్చి ఐదో వరుసకు పైన ఒక కొత్త వరుస చేర్చాడు. అదే క్షణంలో న్యూజెర్సీలో ఉన్న చెల్లెలు, పూలవాళ్ళతో వాట్సాప్‌లో బేరం ముగించుకుని, బి8 గడిలో 60,000 తీసేసి 85,000 వేసింది.

ఆ 85,000 ఎక్కడ పడాలి?

మనిషికి ఇది ప్రశ్నే కాదు. పూల డబ్బు పూల పక్కనే పడాలి. కంప్యూటరుకు చేరేది మాత్రం "బి8లో 85,000 పెట్టు" అన్న ఆదేశం ఒక్కటే. అన్నయ్య కంప్యూటర్లో ఈపాటికి అన్నీ ఒక మెట్టు కిందికి జరిగాయి, ఎనిమిదో వరుస వంటవాళ్ళదైంది. ఆదేశాన్ని ఉన్నదున్నట్టు అమలు చేస్తే 2,40,000 పోయి దాని చోట 85,000 వచ్చి కూర్చుంటుంది. పూల పక్కన పాత 60,000 అలాగే ఉండిపోతుంది. చెల్లెలి కంప్యూటర్లో కథ వేరు. అక్కడ ముందు పూల పక్కన 85,000 పడింది, ఆ తర్వాత అన్నయ్య చేర్చిన వరుస వచ్చి పూలను తొమ్మిదికి జరిపింది. రెండు కంప్యూటర్లూ అవే రెండు పనులు చేశాయి, ఒక్కటీ వదల్లేదు. అయినా మొత్తాల మధ్య తేడా లక్షా ఎనభై వేలు.

"అదే క్షణంలో" అని పైన తేలిగ్గా రాసేశాను. నెట్‌వర్క్ మీద ఆ మాటకు అర్థం చెప్పడం కష్టం. గుంటూరు నుంచి న్యూజెర్సీకి భూగోళం మీద అతి దగ్గరి దారిన పోయినా సుమారు 13 వేల కిలోమీటర్లు. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే కబురు అటు చేరడానికే 65 మిల్లీసెకన్లు, పోయి రావడానికి 130. సముద్రం అడుగున కేబుళ్ళు తిన్నగా పోవు, మధ్యలో రూటర్లు ఆపుతాయి, కాబట్టి నిజంలో ఇంకా ఎక్కువే. ఎంత డబ్బు పోసినా, ఎంత పెద్ద యంత్రం కొన్నా ఈ 130 తగ్గదు. చురుగ్గా టైపు చేసేవాళ్ళు రెండు అక్షరాల మధ్య తీసుకునే వ్యవధి ఇంచుమించు ఇంతే. కాబట్టి ఒకరి వేలు మీట మీద పడే వేళకు వారి కళ్ళ ముందున్న షీట్ ఎప్పుడూ కాస్త పాతదే.

1978లో లెస్లీ లాంపోర్ట్ అనే అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఈ చిక్కును ఒక చిన్న వ్యాసంలో తేల్చాడు. దూరదూరంగా జరిగే రెండు ఘటనల్లో ఏది ముందో అందరూ ఒప్పుకునేలా చెప్పడం ఎల్లవేళలా కుదరదని ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం అంటుంది. కంప్యూటర్ల నెట్‌వర్క్‌లోనూ అదే పరిస్థితి అని లాంపోర్ట్ గుర్తించాడు. ఆయన నిర్వచనంలో గోడ గడియారానికి చోటు లేదు. మొదటి పని కబురు రెండో పని జరిగే చోటికి ముందే చేరి ఉంటే అది 'ముందు', ఇది 'తర్వాత'. ఎటు నుంచి ఎటూ కబురు చేరకపోతే ఆ రెండు పనులూ ఏకకాలమే. ఈ లెక్కన చెల్లెలు విమానంలో కూర్చుని, నెట్ లేని లాప్‌టాప్‌లో, ఆరు గంటల తర్వాత 85,000 వేసినా సరే, అన్నయ్య వరుస సంగతి ఆమెకు చేరనంత వరకు ఆ రెండూ ఏకకాలంలో జరిగినట్టే. లాంపోర్ట్‌కు 2013 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. పంపిణీ వ్యవస్థల మీద ఆ తర్వాత జరిగిన పనిలో చాలా భాగానికి ఈ వ్యాసమే పునాది.

అసలు స్ప్రెడ్‌షీట్ పుట్టింది ఒంటరి మనిషి కోసం. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుతున్న డాన్ బ్రిక్లిన్‌కు 1978లో ఆ ఆలోచన వచ్చింది. నల్లబల్ల మీద రాసిన లెక్కల పట్టికలో ఒక్క అంకె మారితే మిగతావన్నీ చెరిపి మళ్ళీ రాయాల్సి వస్తోంది, ఆ చెరిపి రాసే పని యంత్రమే చేస్తే బాగుండునని. మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్ ప్రోగ్రాం రాశాడు. 1979లో యాపిల్-2 కంప్యూటర్ల మీద విసికాల్క్ పేరుతో అది బయటికొచ్చింది. 63 నిలువు వరుసలు, 254 అడ్డు వరుసలు, ఒక కీబోర్డు, ఒక మనిషి. 1983లో లోటస్ 1-2-3, 1985లో మెకింటోష్ మీద ఎక్సెల్ వచ్చినా ఆ ఒంటరితనం పోలేదు.

ఆఫీసుల్లో కంప్యూటర్లను తీగలతో కలిపాక చిక్కు మొదలైంది. ఫైలు సర్వర్ మీద ఉంటుంది, ఇద్దరు తెరుస్తారు, ఇద్దరూ సేవ్ చేస్తారు, రెండోవారి సేవ్ మొదటివారి పనంతా తుడిచేస్తుంది. దీనికి దొరికిన మొదటి మందు తాళం. ఎక్సెల్ ఫైలు ఒకరు తెరవగానే పక్కనే కనిపించకుండా ఇంకో బుల్లి ఫైలు పుడుతుంది. దాని పేరు ముందు ఒక వంకర గీత, ఒక డాలరు గుర్తు ఉంటాయి, లోపల తెరిచినవారి పేరు ఉంటుంది. రెండోవారు తెరవబోతే ఫైలు ఫలానా వారి చేతిలో ఉంది, కావాలంటే చదువుకోండి అంటుంది. ఇది డేటాబేస్ లోకం నుంచి వచ్చిన ఆలోచనే. 1970లలో ఐబీఎంలో జిమ్ గ్రే బృందం తాళాల శాస్త్రాన్ని పకడ్బందీగా తయారు చేసింది. బ్యాంకు ఖాతా మీద యంత్రం వేసే తాళం మిల్లీసెకన్లలో తెరుచుకుంటుంది, ఎవరికీ తెలియను కూడా తెలియదు. షీట్ మీద తాళం వేసేది మనిషి ఆలోచన. ఆయన ఫైలు తెరిచి భోజనానికి పోతాడు. తాళంలో లోపమేమీ లేదు, తాళంచెవి ఉన్నవాడి వేగమే తేడా.

తాళం భరించలేనివాళ్ళు ఈమెయిల్లో ప్రతులు పంపుకున్నారు. 'ఫైనల్', 'ఫైనల్-2', 'లేటెస్ట్ ఫైనల్', 'లేటెస్ట్ ఫైనల్ కరెక్టెడ్' అన్న ఫైళ్ళ వంశవృక్షం చూడని ఆఫీసు ఉందంటే నమ్మను. ఎక్సెల్ 97లో మైక్రోసాఫ్ట్ 'షేర్డ్ వర్క్‌బుక్' అనే మధ్యేమార్గం తెచ్చింది. ఇద్దరూ తెరవొచ్చు, సేవ్ చేసినప్పుడు మార్పులు కలుస్తాయి, ఒకే గడి మీద ఇద్దరూ చెయ్యి వేస్తే "మీది ఉంచమంటారా, వారిది ఉంచమంటారా" అని అడుగుతుంది. బదులుగా చాలా సౌకర్యాలు వదులుకోవాలి. కొత్త చార్టు వేయకూడదు, గడులను కలపకూడదు, వరుస మొత్తం చేర్చవచ్చు గాని నడుమ నాలుగు గడులు దూర్చకూడదు. ఈ నిషేధాల జాబితాను ఊరికే దాటిపోకండి. ఏయే పనులు రెండు చేతుల కింద నలిగిపోతాయో ఆ ఇంజనీర్లకు తెలుసు. పరిష్కారం చేతిలో లేదు కాబట్టి వాటికి తలుపు మూశారు.

పరిష్కారం అప్పటికే వేరే చోట మొలకెత్తింది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఒక సభలో, దూరాన మెన్లో పార్కులో కూర్చున్న సహచరుడితో ఒకే తెర మీది పత్రాన్ని పంచుకుని పనిచేసి చూపించాడు. మౌస్‌ను లోకానికి చూపించిందీ ఆ సభలోనే. అయితే అక్కడ ఇద్దరూ చూసింది ఒకే కంప్యూటరును. రెండు ప్రతులే లేనప్పుడు అవి విడిపోయే ప్రమాదమూ లేదు. ఎవరి ప్రతి వారి దగ్గరుండి, ఎవరూ ఎవరి కోసమూ ఆగకుండా, చివరికి అన్నీ ఒకటవ్వడం ఎలాగన్న ప్రశ్నకు మొదటి జవాబు 1989లో వచ్చింది. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో, ఎంసీసీ అనే పరిశోధన సంస్థలో క్లారెన్స్ ఎల్లిస్, సైమన్ గిబ్స్ 'గ్రోవ్' అనే ఎడిటర్ తయారు చేశారు. వారి పద్ధతికి తర్వాత 'ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్' అన్న పేరు స్థిరపడింది. పేరు గంభీరంగా ఉంది గాని సంగతి పెళ్ళి షీట్‌లోనే చూడొచ్చు.

షీట్‌లో జరిగిన ప్రతి మార్పుకూ సర్వర్ ఒక వరుస సంఖ్య వేస్తుంది. ఇప్పటికి 41 మార్పులు అయ్యాయనుకుందాం. అన్నయ్య, చెల్లెలు ఇద్దరూ 41 వరకు చూసినవాళ్ళే. అన్నయ్య ఆదేశం ముందు చేరింది: "ఐదు పైన వరుస చేర్చు." సర్వర్ దానికి 42 వేసింది. చెల్లెలి ఆదేశం తర్వాత చేరింది: "బి8లో 85,000." దాని వీపు మీద ఒక చీటీ ఉంటుంది, "నేను 41 చూసి చేసినది" అని. సర్వర్ ఆగి చూస్తుంది. 41 తర్వాత ఏం జరిగింది? ఐదు పైన ఒక వరుస వచ్చింది. ఎనిమిది ఐదు కంటే కిందిది, కాబట్టి ఈమె అన్న ఎనిమిది ఇప్పుడు తొమ్మిది. ఆదేశాన్ని "బి9లో 85,000" అని దిద్ది, 43 వేసి అందరికీ పంపుతుంది. చెల్లెలి బ్రౌజర్ ఈలోపు ఊరికే కూర్చోదు. ఆమె ఎంటర్ కొట్టగానే, సర్వర్ మాట కోసం చూడకుండా, 85,000 చూపించేసింది. తర్వాత 42 వచ్చినప్పుడు, దాన్ని తన దగ్గర జవాబు రాని మార్పుతో సరిచూసుకుని, వరుస చేర్చి, పూలను తొమ్మిదికి జరుపుతుంది. రెండు చోట్లా పూల పక్కనే 85,000. ఎవరూ ఆగలేదు.

ముందు చూపించెయ్యి, లెక్క తర్వాత సర్దుకుందాం అన్న ఈ ధీమాయే మొత్తం అనుభూతికి మూలం. పోయి వచ్చే 130 మిల్లీసెకన్లు ప్రతి అక్షరానికీ ఆపితే ఎవరూ ఆ షీట్ వాడరు.

ఇక్కడ నన్ను ఎప్పుడూ మురిపించే సంగతి ఒకటుంది. స్ప్రెడ్‌షీట్‌కు ఈ దిద్దుడు కొత్త కాదు. నెట్‌వర్క్ లేని రోజుల్లోనే, మధ్యలో వరుస చేర్చితే బి2 నుంచి బి12 వరకు కూడమన్న ఫార్ములా తనంతట తాను బి13 వరకు అని మారేది. చిరునామా మారినా చెప్పదలచుకున్న చోటు మారకూడదన్న తెలివి షీట్ లోపల ముందే ఉంది. ఎల్లిస్, గిబ్స్ ఆలోచన ఆ తెలివినే ఫార్ములాల నుంచి మనుషులు పంపే ఆదేశాలకు విస్తరించినట్టుంది, వారు పనిచేసింది మామూలు రాత పత్రాల మీదే అయినా.

రాతలో చేర్చడం, తీసెయ్యడం అనే రెండు పనులతో చాలావరకు గడిచిపోతుంది. షీట్‌లో పనుల జాబితా పెద్దది. గడి మార్చడం, వరుస చేర్చడం, తీసెయ్యడం, నిలువు వరుసను జరపడం, గడులను కలపడం, అక్షరక్రమంలో పేర్చడం, ఒక చోటి నుంచి కత్తిరించి ఇంకో చోట అతికించడం. ఒక్కో పని ఇంకో పనితో ఏకకాలంలో జరిగితే ఏం చెయ్యాలో ముందే రాసి పెట్టుకోవాలి. ఇరవై రకాల పనులుంటే నాలుగు వందల జతలు. కొన్ని జతలకు గణితం జవాబు చెప్పదు. చెల్లెలు పూల ధర మార్చే వేళకు అన్నయ్య పూల వరుసనే తీసేస్తే? ఆమె అంకె వరుసతోపాటే పోవాలా, వరుస మళ్ళీ బతకాలా? చాలా ప్రోగ్రాములు తీసేసినవారి వైపే మొగ్గుతాయి. అది న్యాయమా అంటే, ఎవరో ఒకరు నిర్ణయించాల్సిన విధానం, అంతే.

నిపుణులు కూడా ఈ జతల్లో తడబడ్డారు. 1989 నాటి పద్ధతిలోనే కొన్ని సందర్భాల్లో ప్రతులు విడిపోతాయని తర్వాతివారు కనిపెట్టారు. దాన్ని సవరిస్తూ కొత్త నియమాలు వచ్చాయి, వాటికి రుజువులూ వచ్చాయి. 2003లో ఫ్రాన్స్ పరిశోధకులు కొందరు అప్పటికి ప్రచురితమైన నియమాలను సిద్ధాంతాలు నిరూపించే కంప్యూటర్ ప్రోగ్రాముకు అప్పగిస్తే, సరైనవని పేరుపడ్డ వాటికి కూడా అది ప్రత్యుదాహరణలు చూపించింది. మనిషి కాగితం మీద ఊహించలేని మూడు చేతుల తగాదాలు యంత్రానికి దొరికాయి. మధ్యలో ఒక సర్వర్‌ను పెద్దమనిషిగా కూర్చోబెట్టి అది చెప్పిందే వరుస అని ఒప్పుకుంటే ఈ కష్టం బాగా తగ్గుతుంది. 1995లో జెరాక్స్ పరిశోధన కేంద్రంలో తయారైన 'జూపిటర్' అనే వ్యవస్థ ఆ దారే చూపింది, ఆ తర్వాత గూగుల్ తెచ్చిన 'వేవ్' అనే ప్రోగ్రాం కూడా అదే దారిన నడిచింది. వేవ్ 2009లో హడావుడిగా వచ్చి మరుసటి ఏడే ఆగిపోయింది గాని పద్ధతి బతికింది.

సర్వర్ అనే పెద్దమనిషి వద్దనుకునే వర్గం ఒకటుంది. వారి వాదన ప్రకారం అసలు గొడవ వరుసకు అంకెతో పేరు పెట్టడంలోనే ఉంది. ప్రతి వరుసకూ పుట్టినప్పుడే ఎప్పటికీ మారని గుర్తింపు ఇచ్చేస్తే, "ఎనిమిది" అనకుండా "ఫలానా గుర్తింపు గల వరుస" అంటే, దిద్దే పనే ఉండదు. తీసేసిన వరుసలు కూడా కనిపించకుండా లోపల పడి ఉంటాయి, వాటి పేరు మీద ఆలస్యంగా వచ్చే ఆదేశాల కోసం. 2011లో ఫ్రాన్స్, పోర్చుగల్ పరిశోధకులు ఈ కుటుంబాన్ని 'సీఆర్‌డీటీ' పేరుతో పకడ్బందీగా నిర్వచించారు. దీనికి ఖరీదు కంప్యూటర్ మెమరీ. షీట్ పాతబడే కొద్దీ పైకి కనిపించని వరుసల బరువు పెరుగుతుంది.

వరుసలను వదిలి ఒకే గడి దగ్గరికి వద్దాం. రాత పత్రంలో ఇద్దరు ఒకే వాక్యంలో చెయ్యి పెడితే గూగుల్ డాక్స్ అక్షరం అక్షరం కలుపుతుంది. గూగుల్ షీట్స్‌లో ఎవరు తర్వాత ఎంటర్ కొడితే వారిదే గడి. చూస్తే ఇది మొరటు పద్ధతిలా ఉంటుంది. కానీ చెల్లెలు 85000 అని, అన్నయ్య 90000 అని ఒకే గడిలో కొడుతుంటే అక్షరాలను మర్యాదగా కలిపితే 8590000 లాంటిదేదో పుడుతుంది. ఇద్దరిలో ఎవరూ అనని అంకె, పైగా ఎనభై ఐదు లక్షల తొంభై వేల పూలు! అంకెలో సగానికి అర్థం ఉండదు. అందుకే గడి విడదీయరానిదిగా ఉండాలి, ఓడినవారి అంకె గడి చరిత్రలో ఉంటే చాలు.

గూగుల్ తన స్ప్రెడ్‌షీట్‌ను 2006 జూన్ 6న బయటపెట్టింది. టూవెబ్ టెక్నాలజీస్ అనే చిన్న సంస్థ నుంచి కొన్న ప్రోగ్రాం దానికి మూలం. తొలి రోజుల్లో కూడికలు, తీసివేతలు అన్నీ గూగుల్ సర్వర్ చేసి ఫలితాలను బ్రౌజర్‌కు పంపేది. 2013 నుంచి ఆ లెక్కల యంత్రం బ్రౌజర్ లోపలే నడుస్తోంది. వేగం పెరిగింది, దాంతోపాటు ఒక కొత్త ప్రశ్న కూడా వచ్చింది. ఎవరి లెక్క వారే చేసుకుంటే అందరికీ ఒకే జవాబు వస్తుందని హామీ ఏమిటి? కూడికకు ఏ చింతా లేదు. కానీ 'ఇప్పుడు టైమెంత' అని అడిగే ఫార్ములా ఉంటుంది, పాచికల్లాగా ఏదో ఒక అంకె వేసే ఫార్ములా ఉంటుంది. గుంటూరులో తెల్లవారే వేళకు న్యూజెర్సీలో ఇంకా నిన్నటి రాత్రి. ఎవరి బ్రౌజర్ గడియారాన్ని వారు నమ్మితే ఒకే షీట్‌లో రెండు తేదీలు.

తేదీల్లో ఇంకో గొయ్యి కూడా ఉంది, ప్రవాసుల ఇళ్ళల్లో అందరూ ఒకసారైనా పడేది. 03/04 అని కొడితే అన్నయ్యకు ఏప్రిల్ మూడు, చెల్లెలికి మార్చి నాలుగు. ఎక్సెల్‌లో ఇది ఎవరి కంప్యూటర్ ప్రాంతపు అమరికను బట్టి వారికి అర్థమవుతుంది. గూగుల్ షీట్స్ మనుషుల దేశాన్ని పక్కనపెట్టి షీట్‌కే ఒక దేశాన్ని, ఒక కాలమండలాన్ని కట్టబెట్టింది. ఫైలు మెనూలో సెట్టింగుల్లో అది కనిపిస్తుంది. షీట్ ఇండియాలో 'ఉంటే', న్యూజెర్సీలో కొట్టిన 03/04 కూడా ఏప్రిల్ మూడే. ముహూర్తం ఒక నెల ముందుకు జరిగే ప్రమాదం ఆ విధంగా తప్పింది, ఆ అమరిక ఒకటుందని ఎవరికైనా తెలిసి సరిగా పెట్టుకుంటే.

బ్రిక్లిన్ కథలో ఒక తరువాయి భాగం ఉంది. విసికాల్క్ తర్వాత పాతికేళ్ళకు ఆయన వికీలాగా అందరూ దిద్దగలిగే 'వికీకాల్క్' మొదలుపెట్టాడు. అది పెరిగి 'సోషల్‌కాల్క్' అయింది. అందులో ప్రతి మార్పూ ఒక చిన్న ఆజ్ఞావాక్యంగా రాసి ఉంటుంది: ఏ1 గడిలో 42 పెట్టు, మూడో వరుస చేర్చు. తైవాన్ ప్రోగ్రామర్ ఆడ్రీ టాంగ్ ఈ ఆజ్ఞలను సర్వర్ ద్వారా అందరి బ్రౌజర్లకూ పంచితే చాలదా అని ఆలోచించి 'ఈథర్‌కాల్క్' చేశారు. ఆలస్యంగా వచ్చినవారు ఆజ్ఞల చిట్టాను మొదటి నుంచి మళ్ళీ నడిపిస్తే షీట్ వారి కళ్ళ ముందు కట్టుకుంటుంది. ఎవరైనా తమ సర్వర్ మీద ఉచితంగా పెట్టుకోగల ఈ ప్రోగ్రామును తైవాన్ పౌర బృందాలు వాడుకున్నాయి. టాంగ్ 2016లో ఆ దేశ డిజిటల్ మంత్రి అయ్యారు. ఒంటరి మనిషి పట్టికను కనిపెట్టినవాడి కోడే పదిమంది పట్టికకు పునాది కావడం చరిత్రలో అరుదుగా కుదిరే సంగతి.

ఇప్పటిదాకా చెప్పిన యంత్రాంగమంతా ఇచ్చే హామీ ఒక్కటే: చివరికి అందరూ ఒకే షీట్ చూస్తారు. ఆ షీట్ సరైనదని అది ఎక్కడా అనలేదు. ఈ రెండింటినీ జనం తరచూ కలిపేసుకుంటారు, కళ్ళ ముందు రంగురంగుల కర్సర్లు కదులుతుంటే ఎవరో చూసుకుంటున్నారులే అన్న భరోసా కలుగుతుంది కాబట్టి.

మళ్ళీ పెళ్ళి షీట్. ఖర్చు పదిహేను లక్షలు దాటకూడదని నాన్నగారి మాట. మిగిలింది 40,000 అని ఒక గడి చూపిస్తోంది. అన్నయ్య వీడియోవాళ్ళకు 35,000 ఒప్పుకుని రాశాడు. అదే వేళ చెల్లెలు వచ్చినవాళ్ళకు ఇచ్చే చిన్న చిన్న బహుమతులకు 30,000 రాసింది. ఇద్దరూ రాయబోయే ముందు మిగులు చూసుకునే రాశారు. ఇద్దరివీ వేర్వేరు గడులు, దిద్దాల్సిందేమీ లేదు, సర్వర్ రెండింటినీ సగౌరవంగా కలిపింది. మిగులు ఇప్పుడు మైనస్ 25,000. "అన్నయ్యా, నేను చూసినప్పుడు నలభై వేలున్నాయి" అని చెల్లెలు, "నేను చూసినప్పుడూ ఉన్నాయమ్మా" అని అన్నయ్య. ఇద్దరిదీ నిజమే. డేటాబేస్ వాళ్ళు దీన్ని 'రైట్ స్క్యూ' అంటారు. 1995లో జిమ్ గ్రే మరికొందరితో కలిసి రాసిన ఒక విమర్శ వ్యాసం ఈ రకం పొరపాటును వేరుగా గుర్తించి పేరు పెట్టింది. బ్యాంకు డేటాబేస్‌కు గట్టి అమరిక పెడితే అది రెండో పనిని వెనక్కి కొడుతుంది, మళ్ళీ చెయ్యమంటుంది. షీట్ అలా చెయ్యదు. పదిహేను లక్షలన్నది నియమమని దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా, తెర మీద అప్పటికే కనిపించిన 30,000ను అర సెకను తర్వాత వెనక్కి లాక్కుంటే చెల్లెలు ఊరుకుంటుందా!

అందుకే షీట్లను రోజూ కలిసి వాడే ఆఫీసుల్లో చూడండి, కొన్నాళ్ళకు తాళాలు మళ్ళీ వస్తాయి. ఈ నిలువు వరుస ఖాతాల వారిది, ఆ నిలువు వరుస స్టోర్స్ వారిది, మొత్తాల వరుస ఎవరూ ముట్టకూడదు. గూగుల్ షీట్స్‌లోనూ ఎక్సెల్‌లోనూ గడుల గుంపుకు రక్షణ పెట్టే సౌకర్యం ఉంది. ఇంజనీర్లు ముప్పై ఏళ్ళు కష్టపడి ఫైలు మీది తాళం తీశారు, వాడేవాళ్ళు చిన్న తాళాలు కొని గడులకు వేసుకున్నారు. ఇందులో నాకు వెనకడుగేమీ కనిపించదు. ఫైలు తాళం యంత్రం అసమర్థత వల్ల వచ్చింది, గడి తాళం ఎవరి బాధ్యత ఏమిటో తేల్చుకోవడం వల్ల వచ్చింది.

తాళం కుదరని చోట మర్యాదలు పుడతాయి. అందరూ రాస్తున్న షీట్‌ను ఒకరు ఉన్నట్టుండి అక్షరక్రమంలో పేరిస్తే మిగతావారి కళ్ళ ముందు వరుసలు ఎగిరిపోతాయి. యంత్రం వారి అంకెలను సరైన గడికి చేర్చినా మనిషి చూపు పాత చోటే ఉండిపోయి తర్వాతి అంకె పక్కవాడి వరుసలో పడుతుంది. ఎవరి పేర్పు వారికే కనిపించేలా విడి వీక్షణలు గూగుల్ తెచ్చింది, తర్వాత మైక్రోసాఫ్ట్ కూడా తెచ్చింది. సగం మందికి ఆ మీట ఎక్కడుందో తెలియదు.

2021 ఏప్రిల్, మే నెలల్లో, కోవిడ్ రెండో అల ముంచెత్తినప్పుడు, ఈ పరిమితులన్నీ ఒక్కసారిగా దేశం ముందుకొచ్చాయి. ఆక్సిజన్ సిలిండర్లు, ఐసీయూ పడకలు, ప్లాస్మా దాతల వివరాలతో వాలంటీర్లు షీట్లు తయారు చేశారు, లింకులు వాట్సాప్‌లో, ట్విట్టర్‌లో తిరిగాయి. దేశమంతటి కేసుల లెక్కను స్వచ్ఛందంగా నడిపిన కోవిడ్19ఇండియా సైట్ వెనక కూడా ఇలాంటి షీట్లే ఉండేవి. ఒక గూగుల్ షీట్‌ను ఒకేసారి దిద్దగలిగేది వందమంది వరకే. వేలమంది తెరిచే షీట్‌లో దిద్దే హక్కు కొందరికే ఉంచి, మిగతావారిని చదవనిచ్చే ఏర్పాటు తప్పలేదు.

అయితే రద్దీ కంటే పెద్ద చిక్కు వేరే ఉంది. ఫలానా గడిని ఎవరు, ఏ నిమిషాన మార్చారో సర్వర్‌కు తెలుసు. ఆ ఆస్పత్రిలో పడక ఇంకా ఖాళీగా ఉందో లేదో దానికి తెలిసే దారి లేదు. పొద్దున రాసిన అంకె అందరి ఫోన్లలోనూ ఏ తేడా లేకుండా కనిపిస్తూనే ఉంటుంది, పడక మాత్రం గంటకే నిండిపోయి ఉంటుంది. అందుకని వాలంటీర్లు ఫోన్ నంబరు పక్కన ఇంకో నిలువు వరుస చేర్చుకున్నారు, ఎప్పుడు ఫోన్ చేసి కనుక్కున్నామన్నది రాసుకోవడానికి. ఒకరు నంబరు కలిపి అడిగి తెలుసుకున్నాకే ఆ గడిలో సమయం మారుతుంది. షీట్ తెరిచినవాళ్ళు పడకల సంఖ్య కంటే ముందు ఆ వరుసే చూసేవారు. అందులో నిన్నటి తేదీ ఉంటే కింది వరుసకు పోయేవారు.